ఎదురుకాళ్ల దానియేలు

దించు గ్రేసీ. ముందు ఆ బిందె దించు. ఒక చంకన బిడ్డ, ఇంకో చంకన బిందె, పైగా ఏదో బహుమతి గెలిచినట్టు నవ్వుకుంటూ వస్తావా? నేను లోపలికి వచ్చేటప్పుడు చూశాను. మీ ఆయన అరుగు మీద కూర్చొని ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని ఉన్నాడు. ఆయన చేతులకేమైనా జబ్బా? లేదు కదా. తప్పు ఆయనదే. కానీ నోరు తెరిచి అడగని నీ తప్పు అంతకంటే పెద్దది.

కూర్చో. నువ్వొచ్చేలోపు నేనే టీ పెట్టాను, చల్లారకముందే తాగు. మొన్న జూన్‌లో నా నడుము మీద ఏం జరిగిందో చెబుతాను. విన్న తర్వాత నవ్వాలనిపిస్తే నవ్వు. ఆళ్లగడ్డలో మా వీధి వీధంతా నవ్వింది, నువ్వొక్కదానివే మిగిలావు.

నా నడుము నొప్పి కొత్తది కాదు. చిన్నోడు పుట్టినప్పటి నుంచి వస్తుంది, పోతుంది. పొయ్యి దగ్గర వంగితే పట్టేస్తుంది. కుట్టుమిషన్ దగ్గర కూర్చొని లేస్తే పట్టేస్తుంది. మా ఆయన నంద్యాలలో జిన్నింగు మిల్లులో పని చేస్తాడు. శనివారం సాయంత్రం బస్సుకు వస్తాడు, సోమవారం తెల్లవారుజామున బస్సుకు పోతాడు. మిగతా రోజులు ఇల్లు, పిల్లలు, కుట్టుమిషను, నేను. పెద్దది రూతుకు ఐదేళ్లు. చిన్నోడికి రెండేళ్లు నిండాయి, కానీ నేల మీద కాలు పెట్టడం నేరమనుకుంటాడు. చంక దిగడు.

నంద్యాలలో డాక్టరుకు చూపించుకున్నాను. బరువు ఎత్తొద్దు, బిడ్డను ఎత్తుకోవద్దు, ఎక్కువసేపు మిషన్ తొక్కొద్దు, వంగొద్దు అన్నాడు. సరే సార్, మరి ఆ పనులన్నీ ఎవరు చేయాలి అని అడిగాను. ఆయన నవ్వి మాత్రలు రాసిచ్చాడు. ఎవరు చేయాలో మాత్రం ఆ చీటీలో రాయలేదు.

ఆ జూన్‌లో మా వీధి చివర ఉన్న బడి యూనిఫారాలు కుట్టే పని నాకు దొరికింది. అంతకుముందు ప్రతి ఏడూ నంద్యాల షాపుకు పోయే పని అది. బడి పెద్దసారు ఒకటే మాట చెప్పాడు. బడి తెరిచే రోజు పిల్లలందరూ యూనిఫారంలో నిలబడితే ఇక ఏటేటా నాకేనట, లేకుంటే మళ్లీ నంద్యాలకేనట. ఆ పని పోతే నేను కూడా నంద్యాలలో ఎవరి షాపులోనో కూర్చొని కుట్టాలి. పొద్దున బస్సెక్కి, చీకటి పడ్డాక దిగాలి. ఈ పిల్లలను ఎవరు చూస్తారు? అందుకని పళ్లు బిగబట్టి కుడుతున్నాను. ఖాకీ నిక్కర్లు ఒక పక్క, తెల్ల చొక్కాలు ఒక పక్క, మధ్యలో ఏడుస్తూ చిన్నోడు.

సరిగ్గా అప్పుడు దిగాడు మా మరిది దానియేలు.

మా అత్తగారి ఊరు శిరివెళ్లలో సేద్యమంతా ఎండలోనే ఉంటుందని, ఆళ్లగడ్డలో నీడన కూర్చొనే పని వెతుక్కుంటానని వచ్చాడు. వెతికాడు కూడా. మా ఇంట్లో నీడ ఎక్కడ ఎక్కువ ఉందో వెతికి, అక్కడ మంచం వేసుకున్నాడు.

మా ఇంట్లో ఒక కట్టుబాటుంది. అన్నం తిన్నవాళ్లు పొద్దున్నే బోరింగు దగ్గర నుంచి నీళ్లు మోయాలి. మా రూతు కూడా చెంబుతో మోస్తుంది. కాబట్టి మరుసటి పొద్దున దానియేలు మంచం దగ్గర బిందెలు పెట్టాను. పెట్టి కట్టెల కోసం వంగాను. అంతే, నడుము పట్టేసింది. వంగినదాన్ని వంగినట్టే నిలబడిపోయాను. దానియేలు బిందెల వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ బిందెల వైపు చూశాడు.

"వదినా, నీకు అన్న చెప్పల్యా? నేను ఎదురుకాళ్లతో పుట్టినోణ్ణి" అన్నాడు.

ఈ మాట నువ్వూ వినే ఉంటావు గ్రేసీ. తల కాకుండా కాళ్లు ముందు వచ్చి పుట్టినవాళ్లు నడుము తొక్కితే పట్టు వదిలిపోతుందని మనవైపు అందరూ అంటారు. ఆదివారం సండే స్కూల్లో పిల్లలకు నేనేం చెబుతాను? తాయెత్తులు కట్టుకోవద్దు, దిష్టి తీయించుకోవద్దు, దేవుడిచ్చిన బుద్ధి వాడుకోండి అని చెబుతాను. ఆ పొద్దు నా బుద్ధి ఎక్కడికి పోయిందో తెలియదు. నడుము పట్టేసినప్పుడు దానితో పాటు బుద్ధి కూడా పట్టేస్తుందేమో. చాప పరుచుకొని బోర్లా పడుకున్నాను.

వదిన తల్లితో సమానం, తప్పు క్షమించమని దానియేలు చెంపలు వేసుకున్నాడు. వేసుకొని మడమతో నడుము మీద ఒక్కసారి నొక్కాడు. లోపల టక్కుమంది. నిజం చెప్పాలి కదా, లేచి నిలబడ్డాను. ఆ రోజంతా మిషన్ తొక్కాను.

సాయంత్రం నుంచి షరతులు మొదలయ్యాయి. తొక్కే కాళ్లు బరువు మోయకూడదట, మోస్తే వాటిలోని మహిమ దిగిపోతుందట. చన్నీళ్లు తగలకూడదట. పొద్దున తొక్కే ముందు వేన్నీళ్లు పోయాలట, ఉడికించిన గుడ్డు పెట్టాలట. నేను అన్నిటికీ తల ఊపాను. నడుము నొప్పి ఉన్న నేను బోరింగు కొట్టి, బిందె మోసి, పొయ్యి ఊది, నీళ్లు కాచి ఆయనగారి కాళ్లకు పోసేదాన్ని. ఆ బరువుకు సాయంత్రానికి నడుము మళ్లీ పట్టేసేది. పొద్దున్నే దానియేలు మళ్లీ తొక్కేవాడు. ఈ వ్యవహారం మా రూతుకు అర్థమైంది గానీ నాకు అర్థం కాలేదు.

"అమ్మా, చిన్నాయనే నీళ్లు తెస్తే నీకు నొప్పే రాదు కదా?" అంది ఒకరోజు.

పెద్దోళ్ల విషయాల్లో తలదూర్చొద్దని దాన్ని గద్దించాను. ఆ గద్దింపు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపమొస్తుంది.

పక్కింటి ఖాజాబీ వీధుల్లో గాజులమ్మే ముసలామె. మనిషి భారీగా ఉంటుంది. గంప ఎత్తి ఎత్తి ఆమెకూ నడుము నొప్పే. ఆమె వచ్చి తొక్కించుకొని పోయింది. ఆమెకు తెలిసిందంటే ఊరికి తెలిసినట్టే కదా. వీధిలోని ఆడవాళ్లందరూ రావడం మొదలుపెట్టారు. ఒకరు గుడ్లు తెస్తారు, ఒకరు బొరుగులు తెస్తారు. ఖాజాబీ సేమ్యా పాయసం తెచ్చింది. దానియేలు మంచం మీద కూర్చొని అన్నీ అందుకునేవాడు. మగపిల్లోడివి, ఆ బిందె కాస్త అందుకో అని ఎవరైనా అంటే మాట్లాడకుండా తన కాళ్ల వైపు చూపించేవాడు. వాళ్లే సిగ్గుపడి బిందె ఎత్తుకుని పోయేవాళ్లు.

ఇక బడి తెరవడానికి వారం కూడా లేదు. శనివారం పొద్దున. ముందురోజు రాత్రి ఎవరో పంపిన బిర్యానీ మెక్కి, దానియేలు కళ్లు మూసుకునే లేచి వచ్చాడు. చుట్టూ ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఎవరో, ఒక కాలితోనే ఇంత గుణముంటే రెండు కాళ్లతో ఎంతుంటుందో అన్నారు. దానియేలుకు అంత మాట చాలు. రెండు కాళ్లూ పెట్టి నా నడుము మీద నిలబడ్డాడు.

నా నోట్లోంచి వచ్చిన శబ్దానికి వాకిట్లో కోళ్లు పారిపోయాయి. దానియేలు దిగాడు కానీ నేను లేవలేకపోయాను. చేతులు ఊని లేద్దామంటే నడుము నాది కాదన్నట్టుంది. ఇది కొత్త ఆట అనుకుని చిన్నోడు వచ్చి నా వీపెక్కి, ఛల్ ఛల్ అని తోలాడు.

"లోపలున్న నొప్పంతా బయటికి వస్తాంది వదినా. మంచిదే" అన్నాడు దానియేలు.

ఆ రోజంతా బోర్లానే పడుకున్నాను. కత్తిరించి పెట్టిన చొక్కాలు కళ్ల ముందే ఉన్నాయి. మిషన్ ఊరికే ఉంది. బడి నుంచి అటెండర్ వచ్చి, ఎంతవరకు వచ్చిందో పెద్దసారు కనుక్కొని రమ్మన్నాడన్నాడు. చాప మీద నుంచి తల ఎత్తకుండానే, అయిపోవచ్చిందని చెప్పాను. జీవితంలో అబద్ధం ఆడనిదాన్ని, ఆ దానియేలు పుణ్యాన అదీ ఆడాను. సాయంత్రం మా ఆయన వచ్చి చూసి, అయ్యో అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఎందుకు అనలేదో మరుసటిరోజు తెలిసింది.

ఆదివారం పొద్దున శిరివెళ్ల నుంచి మా అత్త దిగింది. ఆళ్లగడ్డలో ఎదురుకాళ్లోడు వెలిశాడని, నడుము తొక్కించుకోవడానికి పోతున్నామని బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విందట. వాళ్లు చెప్పిన గుర్తులు తన చిన్నకొడుకువే అయ్యేసరికి ఇంటికి కూడా పోకుండా నేరుగా వచ్చేసింది.

"ఎవురు ఈడ ఎదురుకాళ్లోడు?" అంది గడపలోనే నిలబడి.

దానియేలు మంచం అవతలికి జరిగాడు. మీ చిన్నకొడుకే కదమ్మా అన్నారు ఆడవాళ్లు.

"వీడా? కన్నదాన్ని, నాకు తెల్దా? కళ్లంలో శనక్కాయలు ఒలుస్తాంటే నొప్పులొచ్చినాయి. మంత్రసాని వచ్చేలోపే తలకాయ బయట పెట్టినాడు. వీడు బతుకులో తొందరపడింది ఆ ఒక్కసారే."

ఖాజాబీ తన నడుము మీద చేయి పెట్టుకుని దానియేలు వైపే చూస్తోంది. అత్త నా వైపు తిరిగింది.

"ఎదురుకాళ్లతో వచ్చి నన్ను చావుదాకా తీస్కపోయింది వీడు కాదు సారమ్మా, నీ మొగుడు."

మా ఆయన వాకిట్లో చిన్నోడికి నీళ్లు పోస్తున్నాడు. చెంబు గాల్లోనే ఆగిపోయింది.

"ఏమయ్యా, నిజమేనా?" అన్నాను చాప మీద నుంచే.

"చిన్నప్పుడు శిరివెళ్లలో ఉండే నడుములన్నీ మాయమ్మ నాతోనే తొక్కించింది" అన్నాడు మెల్లగా. "తెల్లారకముందే నిద్ర లేపేది. నేను నంద్యాలకు పోయిందే ఆ నిద్ర కోసం. నీకు చెప్తే ఖాజాబీకి తెలుస్తాది. ఇంగ నాకు ఆదివారం కూడా ఉండదు."

"మరి తమ్ముడు అబద్ధమాడి తొక్కుతాంటే చూస్తా ఎట్లుంటివి?"

"తగ్గుతాందని నువ్వే అంటివి కదా. తగ్గేదాన్ని నేనెందుకు చెడగొట్టాల అనుకుంటి."

ఇలాంటి మనుషుల మధ్య కాపురం చేస్తున్నాను గ్రేసీ నేను. అత్త ఊరుకోలేదు, ఆయన చేత తొక్కించింది. అసలైన ఎదురుకాళ్లు కదా, మహిమ చూద్దామని అందరూ దగ్గరికి వచ్చారు. నా నడుము మీద కోడి ఈక పడినట్టుంది. ఏమీ తగ్గలేదు. ఆ రోజు సండే స్కూలు పాఠం అబద్ధ సాక్ష్యం గురించి. నేను వెళ్లలేకపోవడమే మంచిదయింది. ఏ ముఖంతో చెప్పేదాన్ని?

తీర్పు అత్తే చెప్పింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి వెనక దిండు పెట్టింది. నా చేతులు బాగానే ఉన్నాయి, కాళ్లు ఆడిస్తే మాత్రం నడుములో పోటు. దానియేలును మిషన్‌కు అవతల నేల మీద కూర్చోబెట్టి, వాడి కాళ్లు పెడలు మీద పెట్టించింది. నేను గుడ్డ పట్టుకోవాలి, వాడు తొక్కాలి. తెల్లవారగానే నీళ్లు మోయాలి, మాకు మాత్రమే కాదు, ఏ ఇంటి గుడ్లు తిన్నాడో ఆ ఇళ్లన్నిటికీ. తర్వాత చీకటి పడేదాకా మిషను. చిన్నోడు వాడి మెడ మీద ఎక్కి కూర్చున్నాడు, దిగితే ఒట్టు. కాళ్లు నెమ్మదిస్తే అత్త వాటి మీద చన్నీళ్లు చల్లేది.

"మహిమ పోతాదేమో?" అని ఖాజాబీ అడిగేది గుమ్మంలోంచి.

"పోనీలే" అనేది అత్త.

బడి తెరిచారు. పిల్లలందరూ యూనిఫారంలో నిలబడ్డారు. కొన్ని నిక్కర్లలో కుట్టు ఒకచోట పరిగెత్తింది, ఒకచోట నిద్రపోయింది. అయినా పెద్దసారు మాట నిలబెట్టుకున్నాడు. వచ్చే ఏడూ నాకే.

ఆ కబురు విని నేను బడి నుంచి ఇంటికొచ్చేసరికి, దానియేలు నేల మీద నుంచి లేస్తూ సగంలో ఆగిపోయి ఉన్నాడు. కొడవలిలాగా వంగిపోయాడు. నడుము పట్టేసింది. అత్త, నేను కలిసి వాణ్ణి చాప మీద బోర్లా పడుకోబెట్టాం.

"అన్నను పిలిపియ్యి వదినా" అని మూలిగాడు.

అన్న నంద్యాలలో ఉన్నాడు, శనివారం దాకా రాడని చెప్పాను. ఇంతలో ఖాజాబీ వచ్చింది. గాజుల గంప కింద పెట్టింది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. చెప్పులు విడిచింది.

దానియేలు మెడ తిప్పి చూశాడు. "అవ్వా, నువ్వు ఎదురుకాళ్లతో పుట్టినావా?" అన్నాడు భయంగా.

"నువ్వు పుట్టినట్టే బేటా" అంది ఖాజాబీ. అని ఎక్కింది. ఒక కాలు కాదు, రెండూ.

చెడుకు చెడు చేయొద్దని ప్రతి ఆదివారం పిల్లలకు చెప్పేదాన్ని నేను. ఆ మాట అప్పుడు కూడా గుర్తుంది. గుర్తుండగానే, దానియేలు లేచి పారిపోకుండా వాడి చీలమండలు రెండూ గట్టిగా పట్టుకున్నాను. బాగా కిందికి వంగి పట్టుకున్నాను గ్రేసీ. నా నడుము కిక్కురుమనలేదు.