ఆయన పేరుతో నేనిచ్చిన అనుమతి

నాలో ఒక అబద్ధం కొన్నేళ్లుగా తిష్ఠ వేసుకుని కూర్చుంది. అన్నం తింటున్నా అక్కడే ఉంటుంది, ఎవరితోనో పోట్లాడుతున్నా అక్కడే ఉంటుంది. పోట్లాట నాకు కొత్త కాదు లెండి. కూరగాయల బండివాడి దగ్గర్నుంచి లెక్చరరుగా చేసే మా ఆయన దాకా నా నోటికి జడవని వాళ్లు లేరు. ఇంత నోరున్నదాన్ని, ఒక మనిషి ఎదురుగా నిలబడి అడిగితే నిజం చెప్పలేకపోయాను. నా పేరు అడక్కండి. పేరు చెప్పుకునే ధైర్యమే ఉంటే మీ దాకా ఎందుకు వస్తాను?

గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీలో ఆఫీసు పని చూస్తాను. కంప్యూటర్ల డిగ్రీ చదివాను కాబట్టి అక్కడ కంప్యూటరు పేరు ఎక్కడ వినిపించినా ఆ పని నా నెత్తినే పడుతుంది. మా ఓనరు గారు స్టాకుకి ఒకటి, గేట్ పాసులకి ఒకటి, అకౌంట్లకి ఒకటి, హాజరుకి ఇంకొకటి, ఇలా ఇంటర్నెట్ మీద నడిచే సాఫ్ట్‌వేర్లు కొనుక్కుంటూ పోయారు. దేని పాస్‌వర్డ్ దానిదే. గుర్తుండక మావాళ్లు గోడ మీద, క్యాలెండర్ పక్కన, రాసిపెట్టుకునేవాళ్లు. లారీ డ్రైవర్లు కూడా చదువుకునేలా. నాకు ఒళ్లు మండింది. హైదరాబాదు కంపెనీ కుర్రాళ్లని ఫోన్‌లో పీక్కుతిని, నేనే కూర్చుని సింగిల్ సైన్ ఆన్ పెట్టాను. ఒక మనిషికి ఒకే లాగిన్. పేరు, పాస్‌వర్డ్ కొట్టి, ఆ మనిషి ఫోన్‌లో కనిపించే కోడ్ ఎక్కిస్తే అతనికి రాసిపెట్టిన తలుపులన్నీ తెరుచుకుంటాయి. ఎవరికి ఏ తలుపు అన్నది రాసింది నేను.

మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, బయటికి పోవాలంటే ఇద్దరు ఒప్పుకోవాలని కూడా నేనే పెట్టాను. ఆఫీసులో నేను రిలీజ్ ఎక్కించాలి. సరుకుండే చల్లటి గదులు చూసే చాంబర్ ఇన్‌ఛార్జి, అది ఏ రైతు లాటో చూసుకుని, తన లాగిన్‌తో అనుమతి ఇవ్వాలి. ఒకరికి ఒకరు కాపలా. ఓనరు గారు మెచ్చుకున్నారు. నేను మురిసిపోయాను.

ఆ చాంబర్ ఇన్‌ఛార్జి కోటేశ్వరరావు గారు. పేరు మార్చాను. నాకంటే బాగా పెద్దవారు. నన్ను 'అమ్మాయ్' అనేవారు, నేను 'బాబాయ్ గారూ' అనేదాన్ని. అలాగని ఆయన దేవుడేం కాదు. గొప్పలు చెప్పేవారు, బస్తాలు మోసే ముఠావాళ్లని నానా మాటలూ అనేవారు, నేను ఏం చెప్పినా ముందు కాదనేవారు. ఆయన చిక్కల్లా ఆ కోడ్‌తోనే. చాంబర్ గోడలు అంత మందాన ఉంటే లోపల లాగిన్ అవడానికి సిగ్నల్ ఎక్కడిది? అందుకోసం ప్రతిసారీ చలిలోంచి ఎండలోకి వచ్చి, కళ్లజోడు తుడుచుకుని, ఆ అంకెలు చూసుకుని కొట్టేలోపు కోడ్ మారిపోయేది. బయట లారీలు హారన్లు. చివరికి ఆయన లాగిన్ తాలూకు కోడ్ నా ఫోన్‌లోకి మార్చేసుకున్నాను. పాస్‌వర్డ్ ఎలాగూ నేను పెట్టిందే. ఆయన లాటు చూసి చాంబర్ తలుపు దగ్గర నిలబడి అరిచేవారు: "అమ్మాయ్, నొక్కెయ్!" నేను ఆయన పేరుతో నొక్కేదాన్ని. మిర్చి యార్డులో లక్షల సరుకు నోటిమాట మీద చేతులు మారుతుంది. మాకూ అది తప్పనిపించలేదు. ఓనరు గారికి మాత్రం ఇద్దరమూ చెప్పలేదు.

ఆ రోజు పొద్దున ముఠావాళ్ల ముందు ఆయన నన్ను ఎగతాళి చేశారు. "మా అమ్మాయి కంప్యూటరు పెట్టాక చేతి పని తగ్గిందిరా, నోటి పని పెరిగింది" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ ఏదో అన్నాను, కానీ ఆ నవ్వు లోపల గుచ్చుకునే ఉంది. మధ్యాహ్నం ఒక కమీషన్ వ్యాపారి గుమస్తా వచ్చి లారీ పెట్టి కూర్చున్నాడు. పర్చూరు వైపు రైతు సరుకు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కోటేశ్వరరావు గారు లోపల వేరే లాటు దగ్గర ఉన్నారు, ఎంతకీ రారు. గుమస్తా నా బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ, "మేడం గారూ, ఇక్కడ పెత్తనం మీదా, ఆ పెద్దాయనదా? ముందది తేల్చండి, నేను ఈలోపు టీ తాగొస్తా" అన్నాడు.

నొక్కేశాను.

ఎందుకు? గుమస్తా ముందు చులకనైపోతాననా? పొద్దుటి నవ్వుకి బదులా? రెండూ అనుకుంటాను. సరుకు వెళ్లిపోయింది. నాకు తెలియనిది, ఏ కంప్యూటరులోనూ లేనిది ఒకటుంది. ఆ రైతు, సరుకు పెట్టిన రోజే కోటేశ్వరరావు గారితో చెప్పి వెళ్లాడట, వ్యాపారి ఏం కాగితం తెచ్చినా తాను ఫోన్ చేస్తే తప్ప కదిలించొద్దని. రైతులు అలాగే చెబుతారు, ఆయనకే చెబుతారు. ఆయన మాట ఇస్తే ఇచ్చినట్టే. అది ఆయన గొప్పల్లో ఒకటి, నిజమైన గొప్ప.

ధర పెరిగాక అమ్ముకుందామని ఆ రైతు వచ్చేసరికి సరుకు లేదు. గేటు దగ్గర్నుంచే కేకలు. "ఏం కోటేశ్వరరావూ, ఎంతకి అమ్ముకున్నావ్ నీ మాట?" ఆ కేక యార్డు దాకా పాకింది. మర్నాడు ఓనరు గారు విచారణకి పిలిచారు. హైదరాబాదు వాళ్లు సిస్టమ్‌లో చూసి చెప్పారు, అనుమతి ఇచ్చింది కోటేశ్వరరావు గారి లాగిన్ అని. సిస్టమ్ తనకి తెలిసింది సరిగ్గానే చెప్పింది.

లోపలికి వెళ్లే ముందు, వరండాలో, ఆయన నా దగ్గరికి వచ్చారు. గొంతు తగ్గించారు. ఆయన గొంతు తగ్గించడం నేను చూడటం అదే మొదలు.

"అమ్మాయ్, నిజం చెప్పు. ఆ లాటుకి నేను నొక్కమన్నానా?"

ఆయన నన్ను అనుమానించి అడగలేదు. అనుమానించి ఉంటే బాగుండేది, ఎదురు తిరిగి అరిచేదాన్ని, అరుపుల్లో ఏదో ఒకటి బయటపడేది. ఆయనకి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"అన్నారు బాబాయ్ గారూ. మర్చిపోయారా?"

"అంటే నేనే అన్నానన్నమాట" అన్నారు. "ఆ రైతుకి మాటిచ్చి మరీ మర్చిపోయానా? అయితే నా బుర్ర పనికిరాకుండా పోయిందమ్మాయ్."

లోపలికి వెళ్లి, "నేనే నొక్కానండీ" అని ఓనరు గారితో చెప్పారు. కోడ్ నా ఫోన్‌లో ఉందన్న సంగతి ఆయన నోట రాలేదు. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే తప్పు సగం నా మీద పడేది. నన్ను కాపాడారు. నేను పక్కనే నిలబడి నేల చూస్తున్నాను.

ఆయన్ని పని మాన్పించేశారు. యార్డులో పేరు పోయిన మనిషిని ఇంకే కోల్డ్ స్టోరేజీ పెట్టుకుంటుంది? పొన్నూరు వెళ్లిపోయారు. నేనేం చేశాను? ఆయన లాగిన్ తీసేశాను, నా ఫోన్‌లోంచి కోడ్ చెరిపేశాను, ఇక మీదట ఎవరి కోడ్ వాళ్లదేనని కట్టుదిట్టం చేశాను. ఇప్పుడు వేరే కోల్డ్ స్టోరేజీల వాళ్లు కూడా లాగిన్లు సరిచేయమని నన్ను పిలుస్తారు. మీ కోడ్ దేవుడు అడిగినా ఇవ్వొద్దని పాఠం చెబుతాను. శ్రద్ధగా రాసుకుంటారు పాపం.

నాతో నేను చాలా వాదించుకున్నాను. ఆయన కూడా నిబంధన తప్పారు కదా? తప్పారు. రైతు మాట ఆఫీసులో చెప్పి ఉండాల్సింది కదా? ఉండాల్సిందే. ఉద్యోగం పోతే నా సంసారం ఏం కావాలి? ఏమీ కాదు, మా ఆయన జీతం ఉంది, పస్తులుండేవాళ్లం కాదు. అందరి తప్పులూ వేలు పెట్టి చూపించేదాన్ని, నా తప్పు నలుగురూ చూస్తారని వణికాను. అంతే. దానికి ఇంకే గొప్ప కారణమూ లేదు. వెతికాను, దొరకలేదు.

ఉద్యోగం పోగొట్టడమే నేను చేసిన పాపం అనుకునేదాన్ని. కాదని ఆయన భార్య వల్ల తెలిసింది. పిన్నిగారు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు, నేను ఆయన మేలు కోరేదాన్నని నమ్మి. ఆయన గేటుకి తాళం వేసి, మళ్లీ వెళ్లి చూస్తారట. మాత్ర వేసుకుని, వేసుకున్నానా అని అడుగుతారట. ఎవరైనా ఏదైనా చెప్పబోతే చేయి అడ్డం పెట్టి, "నాకు చెప్పకండయ్యా, నా దగ్గర మాట నిలవదు" అంటారట. ఎంతమంది రైతుల మాటలు తలలో పెట్టుకుని తిరిగిన మనిషి.

మొన్న మళ్లీ ఫోన్ చేశారు. ఆయన్ని గుంటూరు తీసుకొచ్చి పెద్ద డాక్టరుకి చూపించారట. "ఏ జబ్బూ లేదంటమ్మా, జ్ఞాపకం లక్షణంగా ఉందంట. ఆయనకే నమ్మకం పోయిందంట. ఎట్లా పోయిందో మాకు అర్థం కావట్లా" అన్నారు. "నాకు తెలుసు పిన్నిగారూ" అనడానికి నోరు తెరిచాను. "వేళకి అన్నం పెట్టండి పిన్నిగారూ" అని ఫోన్ పెట్టేశాను. చూశారా, మళ్లీ అదే పని. ఈసారి ఎదురుగా ఓనరు లేడు, రైతు లేడు, ఎవరూ లేరు.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు కోటేశ్వరరావు గారు నన్ను నొక్కమనలేదు. ఆయన చాంబర్ లోపల ఉన్నారు, నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇచ్చిన మాట మర్చిపోలేదు. ఆయన పేరుతో నేను నొక్కాను, ఆయన అడిగితే అబద్ధం చెప్పాను. ఆయన బుర్ర అప్పుడూ బాగానే ఉంది, ఇప్పుడూ బాగానే ఉంది.

ఇది ఆయనకి చెప్పాల్సిన మాట. మీకు చెప్పాను. ఆ తేడా నాకు తెలియక కాదు. అయినా రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అక్కడ పొన్నూరులో ఆయన గేటు దగ్గరికి ఇంకోసారి వెళ్లి వస్తూనే ఉంటారు.