కొల్లేటికోటలో కరకర

సొంతూరి మీద బెంగ పెట్టుకోవడానికి కూడా మన దగ్గర ఓ మర్యాద ఉంది. కాలవ గట్టు గుర్తొస్తోందనండి, చదువుకున్న బడి గుర్తొస్తోందనండి, వినేవాళ్ళు నిట్టూర్చి ఇంకో టీ పోస్తారు. పొట్లం గుర్తొస్తోందంటే మాత్రం "అదేం బెంగయ్యా" అని నవ్వి లేచిపోతారు. నిజానికి ఊరు ముందుగా గుర్తొచ్చేది నాలుకకే. గట్లూ బళ్ళూ భోజనమయ్యాక తోచే సంగతులు. ఈ మాట పైకి ఎవరూ ఒప్పుకోరు. మోటార్ వైండింగ్ మునీర్ కూడా పదకొండు నెలల పాటు ఒప్పుకోలేదు.

మునీర్‌ది ఏలూరు, పవర్‌పేట. నలభైకి రెండేళ్ళు తక్కువ. కాలిపోయిన మోటార్లోంచి పాత రాగితీగ పీకేసి కొత్త తీగ చుట్టడం అతని పని. అజ్మల్ భాయ్ షాపులో ఒకే స్టూలు మీద పదిహేడేళ్ళు కూర్చున్నాడు. పోయినేడు కొల్లేటికోట చెరువుల రైతు భీమశంకరం ఆరు మోటార్లు ఆటోలో వేసుకుని ఆ షాపుకొచ్చాడు. చేపలకి గాలి అందేలా నీళ్ళని చిలికే ఏరేటర్లుంటాయే, వాటి మోటార్లు.

"ప్రతిసారీ వీటిని మోసుకురావడం నావల్ల కాదు గానీ, నువ్వే వచ్చి మా ఊళ్ళో కొట్టు పెట్టరాదూ?" అన్నాడు భీమశంకరం.

మునీర్ నవ్వేసి ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఫిజా నవ్వలేదు. కుట్టుమిషనుకి గుడ్డ కప్పి తాడు కట్టేసింది.

కొల్లేటికోటలో అన్నీ బాగున్నాయి. చిక్కంతా అదే. పని ఊపిరి సలపనివ్వదు. ఫిజా కుట్టే బ్లౌజులకి పక్క లంకల నుంచి కూడా వస్తారు. చేపలైతే అడక్కుండానే ఇంటికొస్తాయి. మోటారు తిరిగిందా, రైతు సంచిలో ఓ బొచ్చె. రెండో మోటారు తిరిగిందా, కొర్రమీను. "ఇలాగే తింటూ పోతే ఏదో రోజు నేనే ఈదుకుంటూ ఏలూరెళ్ళిపోతాను" అనేవాడు మునీర్. అది వేళాకోళం అనుకుని ఊరు నవ్వేది. 

సాయంత్రం నాలుగున్నరయ్యేసరికి అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయేది. ముప్పై ఏళ్ళుగా ఆ వేళకి ఆ నోట్లో పడుతున్నది పిడతకింద పప్పు.

ఎరగనివాళ్ళు ఉంటారేమో, పాపం, వాళ్ళ కోసం: మరమరాలు, వేయించిన శనగపప్పు, వేరుశనగ గుళ్ళు, సన్న కారప్పూస అన్నీ కలిపి రాశి పోస్తారు. రాశిలో నిప్పులున్న చిన్న మట్టి పిడత కూర్చుని ఉంటుంది. అడగ్గానే రెండు గుప్పెళ్ళు గిన్నెలోకి తీసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కారం వేసి, నిమ్మకాయ పిండి, గరిటెతో టకటకా కలిపి పొట్లంలో పోస్తారు. నిమ్మరసం నానేలోగా, అంటే రెండు నిమిషాల్లో తినేయాలి. మాటలు తర్వాత. పవర్‌పేట రైలుగేటు దగ్గర దాన్ని అమ్మే మనిషి పేరు చంటి. వయసు అరవై రెండు. పళ్ళు సగం ఊడాయి గానీ పేరు మాత్రం ఊడలేదు.

కొల్లేటికోటలో అది లేదు. మునీర్ తరచూ "అక్కని చూసొస్తా" అని కైకలూరు ఆటో ఎక్కి, అక్కడ ఏలూరు బస్సు పట్టుకునేవాడు. అక్క మరియంబీ ఇల్లు పవర్‌పేటలోనే. ఊరంతా మెచ్చుకుంది. ఈ రోజుల్లో తోడబుట్టినదాన్ని ఇంతలా చూసుకునేవాడు ఎవడున్నాడని భీమశంకరం నలుగురి దగ్గరా అన్నాడు.

ఓ రోజు మరియంబీ ఫోన్ చేసింది. "ఏమ్మా ఫిజా, మీ ఆయన బతికే ఉన్నాడా? రంజాన్ తర్వాత మొహమే చూపించలేదు."

ఫిజా ఫోన్ పెట్టేసి, భర్త చొక్కా జేబు తిరగేసింది. రెండు మరమరాలు రాలాయి.

"ఏవండీ, మీ అక్క జేబులోంచి రాలిపడ్డారు, చూసుకోండి" అంది.

సరిగ్గా ఆ వారమే అజ్మల్ భాయ్ ఫోన్ వచ్చింది. "ఒరేయ్ మునీరూ, నీ స్టూలు మళ్ళీ ఖాళీ అయింది. వచ్చేస్తావా? ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తా. ఔననో కాదనో ఒక్క ముక్క చెప్పు. నాన్చావంటే వేరేవాణ్ణి కూర్చోబెట్టేస్తా."

ఆ రోజు నుంచీ మునీర్‌కి కొల్లేటికోటలో లోపాలు కనిపించడం మొదలైంది. నీళ్ళు పడటం లేదన్నాడు. మోకాళ్ళు పట్టేస్తున్నాయన్నాడు. కొంగలు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయన్నాడు.

"పప్పు అనండి" అంది ఫిజా, సూదిలో దారం ఎక్కిస్తూ.

"పప్పేంటి?"

"కొంగలకీ మోకాళ్ళకీ ఎందుకండీ ఆ అపవాదు? నేనిక్కణ్ణుంచి కదలను. నా కొలతల పుస్తకం మూడోది నడుస్తోంది. ఒక్క మాట చెప్పండి. పప్పు ఈ గుమ్మంలో కూర్చుని కరకరమంటే ఉండిపోతారా?"

"ఉండిపోతా."

"ఒట్టేయండి."

"ఒట్టు."

"అలా కాదు. పప్పు మీద ఒట్టేయండి."

వేశాడు. ఇక ఆదివారానికి నాలుగు రోజులున్నాయి.

గురువారం ఏలూరు నుంచి వచ్చే ఒకాయన చేత, నిమ్మకాయ పిండకుండా కట్టించిన పొట్లాలు తెప్పించాడు. కొల్లేటి మీదుగా వచ్చే గాలికి దయాదాక్షిణ్యాలు ఉండవు. పొట్లం విప్పితే మరమరాలు తడిసిన దూదిలా ఉన్నాయి. నోట్లో వేసుకుంటే చప్పుడే లేదు. మునీర్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పచ్చిమిర్చి వల్లే అన్నాడు.

తడి తీయడమంటే అతని వృత్తే కదా. చెరువులో పడిన మోటార్లని ఆరబెట్టడానికి కొట్లో రేకుపెట్టె ఒకటుంది, లోపల పెద్ద బల్బులు. తీగ చుట్టి వార్నిష్ పూసిన మోటార్లు కూడా అందులోనే ఆరతాయి. శుక్రవారం పొద్దున్న పళ్ళెంలో ఆ మెత్తబడ్డ మరమరాలు పోసి ఆ పెట్టెలోకి తోశాడు, అరగంటకి తీశాడు. పళ్ళెం కదిపితే గలగలమన్నాయి! మునీర్ కొట్లోనే రెండడుగులు గంతేశాడు. ఫిజాని పిలిచి ముందు ఆవిడకే పెట్టాడు.

ఆవిడ నమిలింది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ నమిలింది.

"కరకరమంటోందండి, అబద్ధం చెప్పకూడదు" అంది. "ఏరేటర్ రెక్క కొరికినట్టుంది."

నిజమే. పెట్టెలో ఏళ్ళుగా పట్టిన వార్నిష్ వాసనంతా మరమరాలు పీల్చుకున్నాయి. పదిహేడేళ్ళ అనుభవమున్న వైండింగ్ మెకానిక్ తప్ప ఇంకెవరూ చేయలేని వంట అది.

ఈలోగా సంగతి భీమశంకరానికి తెలిసింది. మెకానిక్ వెళ్ళిపోతే తెల్లారేసరికి ఏరేటర్ ఆగిపోవడం, చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలడం ఆయన కళ్ళముందు మెదిలాయి. శనివారం చేపల మేతకి తవుడు కొనడానికి తాడేపల్లిగూడెం మిల్లులకి వెళ్ళాడు. సాయంత్రం తవుడు లారీ దిగీ దిగగానే ఓ పెద్ద సంచి నిండా పిడతకింద పప్పు తెచ్చి మునీర్ బల్లమీద పెట్టాడు.

"గూడెం సంతంతా గాలించానయ్యా. తిను. తిని ఊళ్ళో ఉండు."

మునీర్ చిటికెడు నోట్లో వేసుకున్నాడు. "శంకరం గారూ, ఇది తవుడు బస్తాల మధ్య పెట్టారాండీ?"

"మధ్యేం కాదు, మీద."

"ఇందులో జీలకర్ర కూడా వేశారండి."

"అదీ తెలిసిపోయిందా?" భీమశంకరం తలపట్టుకున్నాడు. "ఇన్నేళ్ళలో మా ఆవిడ కూరలో ఏం వేస్తుందో నాకు తెలీదు. నీది నోరా, లేబొరేటరీనా?"

సంచి చెరువులోకి పోయింది. చేపలు మాత్రం వంక పెట్టకుండా తిన్నాయి.

ఆదివారం పదింటికి మునీర్ చొక్కా మార్చుకున్నాడు. "అజ్మల్ భాయ్‌కి ఫోన్లో చెప్తే బాగోదు. వెళ్ళి ఔనని చెప్పొస్తా" అన్నాడు. ఫిజా కుట్టుమిషను రెండింతల వేగంతో అరిచింది.

ఎప్పుడూ సాయంత్రం వేళకి వెళ్ళేవాడు, ఆ రోజు ఒంటిగంటకే పవర్‌పేట చేరాడు. చంటి ఇంకా దుకాణం పెట్టలేదు. గోడవార కూర్చుని కొబ్బరిచిప్పలు కాలుస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా తింటున్నా, పప్పు రాశి పోయడం మునీర్ ఎన్నడూ చూడలేదు. పెళ్ళిభోజనానికి వెళ్ళేవాడు గాడిపొయ్యి తవ్వడం చూస్తాడా?

"ఏం అబ్బాయ్, ఎండన పడొచ్చావ్? ఆకలా?" అన్నాడు చంటి.

"తొందర లేదు బాబాయ్. కానివ్వు."

చంటి పొగ పూర్తిగా పోయేదాకా చిప్పల్ని కాలనిచ్చాడు. ఎర్రటి నిప్పుల్ని పిడతలోకి ఎత్తాడు. ఖాళీ తట్టలో పిడతని నడిమధ్య పెట్టి, దాని చుట్టూ మరమరాలూ పప్పులూ పోశాడు, మెడదాకా. 

మునీర్ లేచి నిలబడ్డాడు. "బాబాయ్! పిడత ముందు పెట్టి, పప్పు తర్వాత పోశావేంటి?"

"మరి? తలకిందులుగా పోస్తారా?"

"పిడత ఎందుకసలు?"

చంటి మిగిలిన పళ్ళన్నీ చూపించాడు. "ఇన్నేళ్ళు తిన్నావ్, ఎందుకనుకున్నావ్?"

"బోర్డు అనుకున్నా బాబాయ్! మంగలి షాపుకి అద్దంలాగా, పప్పుకి పిడత..."

"వానాకాలంలో కూడా నా పప్పు మెత్తబడదంటే దేనివల్లనుకున్నావ్, నా మొహం చూసా? లోపల్నుంచి వెచ్చగా ఉండాల. పైనుంచి కాల్చితే మాడుద్ది, వదిలేస్తే నాన్తాది."

మునీర్ అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. రేకుపెట్టె లేనిచోట తడిసిన మోటార్ని ఎలా ఆరబెడతారు? గుండ్రటి తీగచుట్ట మధ్యలో ఒక చిన్న బల్బు వేలాడదీసి వదిలేస్తారు. వేడి లోపల్నుంచి బయటికి నడిచి తడిని తరిమేస్తుంది. అజ్మల్ భాయ్ అతనికి నేర్పిన మొదటి పాఠం అదే. ఆ పాఠమే షాపుకి రెండు సందుల అవతల రోజూ నిప్పులు పోసుకుని కూర్చుంది. తను నములుతూ దానికేసి చూశాడు, అంతే.

"బాబాయ్, నీ దగ్గర పాత పిడత ఏమైనా ఉందా?"

అంచు విరిగినదొకటి ఉంది, చంటి అందులో నాలుగు నిప్పులు వేసిచ్చాడు. ఆ ఉత్సాహంలో మునీర్ నిప్పులతో సహా పట్టుకుని బస్టాండుకి పరిగెత్తాడు. ఇంకో చేతిలో చంటి దగ్గరే కొన్న మరమరాల సంచి. అజ్మల్ భాయ్ షాపు మీదుగానే వెళ్ళాడు గానీ, తల తిప్పలేదు.

కండక్టర్ మెట్టు మీదే ఆపేశాడు. "ఏంటండీ అది?"

"పిడతండి."

"లోపల?"

"...చిన్న నిప్పండి."

"చిన్న నిప్పాండీ! నా బస్సు పెద్దదండి. దింపేయండి."

"టిక్కెట్టు తీసుకుంటానండి దానికి."

"దానికి టిక్కెట్టిస్తే రేపు నా ఉద్యోగానికి పొగబెడతారండి!" 

బస్సంతా నవ్వింది. నిప్పులు నేలమీద పోసి, నీళ్ళు చల్లి, ఒట్టి పిడతతో ఎక్కాడు. దారంతా దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కసీటు పెద్దావిడ "ఎవరు పోయారు బాబూ?" అని మెల్లగా అడిగింది. "ఎవరూ పోలేదండీ, నేనే ఉండిపోతున్నా" అన్నాడు. ఆవిడ కాస్త అటు జరిగి కూర్చుంది.

నాలుగున్నరకి కొట్టు ముందు ఆటో దిగి, "ఫిజా! కొబ్బరిచిప్పలు!" అని కేక పెట్టాడు. బొగ్గుల ఇస్త్రీపెట్టె కోసం ఆవిడ దాచుకున్న చిప్పలు ఉన్నాయి. ఇద్దరూ వాకిట్లో వాటిని కాల్చారు. పిడత నిండింది. పళ్ళెంలో నడిమధ్య కూర్చుంది. చుట్టూ బస్సులో మెత్తబడిపోయిన మరమరాలు. మునీర్ మధ్యమధ్య చేత్తో కలుపుతూ ఒక్కో గింజ చెవి దగ్గర నలిపి వింటున్నాడు, మోటార్ బేరింగు విన్నట్టు. 

అయిదుంపావుకి ఒక గింజ ఠప్పుమంది.

ఆ చప్పుడు ఊరికెలా వినిపించిందో గానీ, పదినిమిషాల్లో వాకిలి నిండిపోయింది. ముందు భీమశంకరం. వెనక వల లాగి వస్తున్న నలుగురు. బ్లౌజుల కోసం వచ్చిన ఆడవాళ్ళు. ఫిజా ఉల్లిపాయలు తరుగుతోంది, మునీర్ నిమ్మకాయలు పిండుతున్నాడు. ఒకరికి పొట్లం ఇచ్చేలోగా ఇద్దరు చేతులు చాస్తున్నారు. తినడానికొచ్చినవాడు పెట్టడంలోనే మునిగిపోయాడు. ఆరింటికి పళ్ళెంలో ఒక్క గుప్పెడు మిగిలింది. భీమశంకరం చెయ్యి ముందుకొచ్చింది.

ఫిజా ఆ చేతి మీద గరిటెతో ఒక్కటిచ్చింది. "శంకరం గారూ! అది ఆయన ఒట్టు మీద పెట్టాల్సిన సంతకమండి. ఆయన్ని తిననివ్వండి."

మునీర్ గుప్పెడూ ఒకేసారి నోట్లో వేసుకున్నాడు. కరకర. అచ్చంగా, సాయంత్రం నాలుగున్నర వేళ పవర్‌పేట. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"ఏరా, ఏం తేల్చావ్?" అజ్మల్ భాయ్.

మింగితే ఆ గుప్పెడు అయిపోతుంది. మునీర్ మింగలేదు, నమిలాడు.

"ఒరేయ్, ఆ చప్పుడు! చంటి దగ్గరున్నావా? వచ్చేశావన్నమాట! కదలకు, వచ్చేస్తున్నా!" ఫోన్ ఠక్కున ఆగిపోయింది.

మూడు నిమిషాలకి మళ్ళీ మోగింది. అజ్మల్ భాయ్ ఆయాసపడుతున్నాడు. "ఎక్కడ్రా? చంటి ఉన్నాడు, తట్ట ఉంది. నువ్వు లేవే?"

"కొల్లేటికోటలో ఉన్నా భాయ్."

"మరి ఆ కరకర?"

"ఇక్కడిదే భాయ్."

అటువైపు రైలుగేటు గంట మోగింది. తర్వాత, "సరే, స్టూలు వేరేవాడికిచ్చేస్తా" అన్నాడు అజ్మల్ భాయ్. "చంటీ, వచ్చాను కదా, నాకో పొట్లం కట్టు" అన్న మాట దూరంగా వినిపించింది. ఆ వెంటనే ఫోన్లోకి ఇంకో గొంతు దూరింది.

"అబ్బాయ్, చంటిని. పిడతలో బూడిద దులిపావా?"

"లేదు బాబాయ్."

"దులుపు మరి! ఊపిరాడక నిప్పు చచ్చిపోద్ది. రేపు మళ్ళీ కావాలా, వద్దా?"

మునీర్ ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, పిడత మీదకి వంగి ఊదాడు. బూడిదంతా లేచి భీమశంకరం తెల్లచొక్కా మీద పడింది.