కుడికి తిరిగే వాల్వు

పిల్లలు ఆయన్ని తాళం తాతయ్య అనేవాళ్ళు. తాళాలు బాగుచేసే పనేమీ కాదు ఆయనది. పేటకి నీళ్ళు వదిలే ఉద్యోగం. భుజాన నిలువెత్తు ఇనుప కడ్డీ ఒకటి వేసుకుని తెల్లారకముందే బయల్దేరేవాడు. ఆ కడ్డీకి పైన అడ్డంగా పిడి, కింద నాలుగు పలకల మూతి. రోడ్డు మీది ఇనుప మూత ఎత్తి, కడ్డీని గుంతలోకి దించి, లోపలున్న వాల్వుని తిప్పితే ఆ వీధి కుళాయిలు దగ్గడం మొదలుపెట్టేవి. ఆఫీసువాళ్ళ మాటల్లో ఆ కడ్డీ పేరే తాళం.

దాన్ని ముప్పై ఒక్క ఏళ్ళు మోసీ మోసీ ఆయన కుడి భుజం ఎడమ భుజం కంటే వేలెడు కిందికి దిగింది. చొక్కా కుట్టించుకోవడానికి వెళ్ళిన ప్రతిసారీ దర్జీ, "కాస్త నిటారుగా నిలబడండి" అనేవాడు. "ఇదేనయ్యా నా నిటారు" అనేవాడాయన.

మొత్తం ముప్పై ఎనిమిది వాల్వులు. ఏది ఎన్ని చుట్లు తిప్పాలో, దేని తర్వాత ఏది తెరవాలో అంతా ఆయన బుర్రలోనే ఉండేది. ఆఫీసు గోడకి మ్యాపు ఒకటి వేలాడేది గానీ దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు. అందులో చెరువులా కనబడేది నిజానికి గోడ చెమ్మ. "వాన కురిపించేవరకే పైవాడి పని. వంటింటిదాకా తెచ్చేది నేను" అని ఆయన అంటుంటే విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు.

ఆ బుర్రలో మ్యాపుకి ఎక్కని సంగతులు మూడున్నాయి. అన్ని వాల్వులూ ఎడమకి తిప్పితే తెరుచుకుంటాయి, బడి ముందున్నది మాత్రం కుడికి తిప్పాలి. ఏ కాలంలోనో ఎవరో తిరగేసి బిగించారు. ఇక ఇస్త్రీ దుకాణం మలుపు దగ్గర గొట్టం ముసలిది. రెండు చుట్లు తిప్పి, లోపల బుసకొట్టడం ఆగేదాకా వంద లెక్కపెట్టి, అప్పుడు మిగతావి తిప్పాలి. తొందరపడితే పగులుతుంది. మూడోది, మెరక వీధి చివరింటి మూడో అంతస్తుకి నీళ్ళెక్కవు. అక్కడ మోకాళ్ళ నొప్పులతో ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటుంది. అందరికీ నీళ్ళు వచ్చాక పల్లపు వీధి వాల్వుని అర చుట్టు బిగించి పది నిమిషాలు ఉంచితే, ఆవిడ బిందె నిండుతుంది.

బడి ముందు వాల్వు సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఎడమకి తిప్పాడు, అది కదలకపోతే బలమంతా పెట్టాడు. లోపలి కాడ పటుక్కున విరిగింది. కొత్త కాడ వేసేదాకా పై వీధులకి నాలుగు రోజులు చుక్క లేదు. జనం ఖాళీ బిందెలు పట్టుకుని ఆఫీసు మెట్లెక్కారు. అంతకుముందు అదే పని చేసి దిగిపోయిన మీసాలాయన గేటు దగ్గర నిలబడి, "అది కుడికి తిరుగుతుందోయ్, నీకు తెలీదూ?" అని మీసం దువ్వుకున్నాడు. ఆ నవ్వు ఈయన ఇప్పటికీ మర్చిపోలేదు.

అలాంటి మనిషికి పదవీ విరమణ వచ్చింది. శనివారం ఆఫీసులో సభ పెట్టి, ఇక టైముతో పనిలేని మనిషికి గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. ఇంజనీరు నిలబడి, "ఆయన లేని లోటు ఎవరూ తీర్చలేరు" అన్నాడు. అలాంటి సభల్లో అందరి గురించీ అనే మాటే అది. కానీ ఆయన దాన్ని మనసుకి పట్టించుకున్నాడు. లోటు అంటూ ఉంటే అది నలుగురికీ కనబడాలి కదా!

ఆయన స్థానంలో వచ్చింది, పదేళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసిన మనిషి. ఇద్దరు పిల్లల తల్లి. అయినా ఆఫీసులో అందరికీ కొత్తమ్మాయే. పది రోజులు ఆయన వెనకే తిరిగి అన్నీ రాసుకుంది. ఆ పది రోజులూ ఆయన బడి ముందు వాల్వు దగ్గరికి రాగానే, "నువ్వెళ్ళి ముందు మూత ఎత్తు, నేనొస్తా" అని ఆమెని తర్వాతి గుంత దగ్గరికి పంపేశాడు. మిగతా రెండు సంగతులూ పైకి అనలేదు.

ఆదివారం నీళ్ళు వదలరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన కుర్చీలో కూర్చుని తనలో తనే నవ్వుకుంటున్నాడు. భార్య చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"ఏంటండీ, గడియారాన్ని చూసి అంత మురిసిపోతున్నారు?"

"గడియారం కాదే. రేపు పొద్దున చూడు తమాషా."

"ఏం తమాషా?"

"కొత్తమ్మాయి బడి ముందు వాల్వుని ఎడమకి తిప్పుతుంది. పై వీధులన్నీ ఎండిపోతాయి. ఇంజనీరుతో సహా అందరూ పరిగెత్తుకుంటూ మన గుమ్మంలోకొస్తారు. ఒక్క పూట చాలు. నేనేంటో తెలుస్తుంది."

"మనదీ పై వీధేగా? రేపు దుప్పట్లు ఉతకాలి నేను."

"ఎల్లుండి ఉతుక్కో."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "అయితే ఆ పిల్లకి చెప్పలేదన్నమాట."

"తను అడగలేదు, నేను చెప్పలేదు."

"ఉందని తెలిస్తే కదండీ అడగడానికి!" ఆవిడ ఈనె తీసి పారేసింది. "మీ మీసాలాయన పోయి ఎన్నేళ్ళయింది?"

"ఇప్పుడాయన గొడవెందుకు? ఇరవై ఏళ్ళయింది."

"అయినా వారానికోసారి మన ఇంట్లో ఆయన పేరు వినబడుతూనే ఉంది. ఒక్క మంచి మాటతో వినబడిందా? మనుషులు గుర్తుపెట్టుకోవాలంటే అదీ ఒక దారే. కానివ్వండి, ఆ పిల్ల కూడా మిమ్మల్ని ముప్పై ఏళ్ళు తలుచుకుంటుంది."

ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

"ఎక్కడికి?"

"ఊరికే."

"ఊరికే అయితే గొడుగు పట్టుకెళ్ళండి, ఎండ మండిపోతోంది."

కొత్తమ్మాయి ఇల్లు రెండు వీధుల అవతల. ముందు గదిలో నేల మీద దుప్పటి పరిచి, బట్టలారేసే క్లిప్పులు వరసలుగా పెట్టి ఉన్నాయి. ఆమె వాటి మధ్య మోకాళ్ళ మీద కూర్చుని పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటోంది.

"రండి బాబాయ్ గారూ! తొక్కకండి, అవి వీధులు. పన్నెండో నంబరు వాల్వు మా చిన్నదాని నోట్లో ఉంది, ఎంత లాగినా ఇవ్వట్లేదు."

ఆమె అరచేతుల్లో బొబ్బలు పగిలి ఎర్రగా ఉన్నాయి. ఆయన వాటిని చూసి, గొడుగు మూయడం కూడా మర్చిపోయి, బడి స్థానంలో ఉన్న క్లిప్పుని వేలితో చూపించాడు.

"ఇది కుడికి తిరుగుతుంది."

ఆమె నోటుపుస్తకం అందుకుంది. "ఎప్పట్నుంచి?"

"నేను చేరకముందు నుంచి."

"మరి పది రోజుల్లో ఒక్కసారీ చెప్పలేదేం?"

అబద్ధం చెప్పడానికి రెండు మూడు దారులున్నాయి. వయసు మీద పడింది, మర్చిపోయాననొచ్చు. ఆయన ఆ దారులన్నిటి వైపూ ఒకసారి చూసి వెనక్కొచ్చాడు.

"చెప్పకూడదనుకున్నానమ్మా. నీళ్ళు రాకపోతే నన్ను తలుచుకుంటారని."

"నన్ను ఎన్ని మాటలనేవాళ్ళో ఆలోచించారా?"

"లేదు."

"ఇప్పుడు ఆలోచించారా?"

"మా ఆవిడ ఆలోచించింది."

కొత్తమ్మాయి కోపంగా ఉండాలని గట్టిగానే ప్రయత్నించింది. కానీ గదిలో గొడుగు వేసుకుని నిలబడ్డ మనిషి మీద ఎవరికైనా ఎంతసేపు కోపం నిలుస్తుంది? "ముందు ఆ గొడుగు మూయండి. మిగతావి కూడా చెప్పేయండి, ఇలాంటివి ఇంకెన్ని దాచారో" అంది. ఆయన మిగిలిన రెండూ చెప్పాడు. ఆమె రాసుకోలేదు. లోపలికెళ్ళి, కిటికీలకి వేయగా మిగిలిన తెల్లరంగు డబ్బా, కుంచె తెచ్చింది.

"పదండి."

"రంగెందుకు?"

"మూతల అడుగున రాసేద్దాం. నేను జ్వరమొచ్చి పడుకున్నా ఇంకొకరు చూసి తిప్పేలాగ."

"అలాగైతే ప్రతివాడూ తిప్పేస్తాడు!" ఆయన గొంతు నిజంగానే గాభరాగా వినబడింది.

"అదేగా మనకి కావాల్సింది?"

ఎండలో ఇద్దరూ బడి ముందు మూత తిరగేసి పెట్టారు. ఆమె మూత తుడుస్తుంటే ఆయన గొడుగు పట్టాడు. కుడివైపుకి బాణం గీయడానికి కుంచె ముంచి ఆమె ఆగింది.

"పక్కనే మీ పేరు కూడా రాయమంటారా?"

ఆయన చాలాసేపే ఆలోచించాడు. తెల్లటి అక్షరాలు కళ్ళ ముందు ఆడాయి కూడా. చివరికి గొంతు సవరించుకుని, "బాణం పెద్దది గియ్యి. చీకట్లో కనబడాలి" అన్నాడు.

సోమవారం తెల్లవారకముందే, అలవాటు ప్రకారం, ఆయనకి మెలకువ వచ్చింది. వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకుని, పెరటి కుళాయి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. నిన్న మధ్యాహ్నం దాకా ఎండిపోవాలని కోరుకున్న కుళాయి వైపు ఇప్పుడు పరీక్షా ఫలితాల కోసం చూసే వాడిలా చూస్తున్నాడు. వాళ్ళ ఇంటికి నీళ్ళొచ్చేది ఆరింటికి. ఆరుకి ఇంకా పది నిమిషాలుండగానే కుళాయి దగ్గి, ధారగా పడింది.

ఆయన పీట మీంచి లేచాడు. పది నిమిషాల ముందా! వరస తప్పింది. ఇస్త్రీ దుకాణం దగ్గర వంద లెక్కపెట్టి ఉండదు, గొట్టం పగిలే ఉంటుంది. ఒకటే పరుగు. భార్య వెనక నుంచి, "చెప్పులు!" అని అరుస్తూనే ఉంది.

గొట్టం పగల్లేదు. కొత్తమ్మాయి బడి గోడకి చేరబడి, తాళం పక్కన పెట్టుకుని బన్ను తింటోంది.

"వంద లెక్కపెట్టావా?" ఆయన రొప్పుతున్నాడు.

"నూట ఇరవై పెట్టాను. ఏం?"

"మరి పది నిమిషాలు ముందెలా వచ్చాయి?"

"అదా! మిమ్మల్నే అడుగుదామనుకున్నాను. తొమ్మిదో నంబరు పక్కనే పది ఉండగా, మీరు బస్టాండు చుట్టూ తిరిగి ఇరవై ఒకటికి వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చేవాళ్ళు కదా? ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. గాలి ఒత్తిడి లాంటిదేమైనా ఉందేమోనని రాత్రంతా బుర్ర బద్దలుకొట్టుకున్నాను. చివరికి ధైర్యం చేసి నేరుగా పదికి వెళ్ళాను. ఏమీ కాలేదు. తప్పా?"

ఆయన మెడ వెనక గోక్కున్నాడు.

"బస్టాండులో టీ కొట్టు ఉందమ్మా" అన్నాడు మెల్లగా. "వాడు ఆ టైముకే పొయ్యి వెలిగిస్తాడు."

ముప్పై ఒక్క ఏళ్ళు పేట పేటంతా ఒక గ్లాసు టీ కోసం పది నిమిషాలు ఎదురుచూసిందన్నమాట. కొత్తమ్మాయికి బన్ను పొరబోయింది. నవ్వీ దగ్గీ కళ్ళు తుడుచుకునేసరికి ఆయన కూడా నవ్వుతున్నాడు, ఒంటికాలి మీద నిలబడి, పాదంలో గుచ్చుకున్న రాయి తీసుకుంటూ.

ఇంతలో ఎదురింటి గుమ్మంలోంచి ఒకావిడ బిందెతో తొంగిచూసింది. "రేపట్నుంచి ఇదే టైమా?"

జవాబు ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడ చూపు కొత్తమ్మాయి మీద ఉంది.

"ఇదే టైమండీ" అంది కొత్తమ్మాయి.

ఆయన బస్టాండుకి వెళ్ళి బల్ల మీద కూర్చుని టీ చెప్పాడు. నిలబడి ఊదుకుంటూ గుక్కల్లో మింగడమే తప్ప ఇన్నేళ్ళలో ఆ బల్ల మీద ఎప్పుడూ కూర్చోలేదు. మెల్లగా తాగాడు. కొట్టువాడితో, "ఏంటోయ్, చక్కెర ఎప్పుడూ ఇంత ఎక్కువేస్తావా?" అన్నాడు.