కూతురికి చెప్పుకున్న మాట

చెన్నైలో తిరువొత్తియూరు రైల్వే స్టేషను దగ్గర పొన్నమ్మ ఇడ్లీ కొట్టు పెట్టి పద్దెనిమిదేళ్ళయింది. ఫ్యాక్టరీలో పనిచేసే భర్త పోయేనాటికి కూతురు కార్తీకకు ఆరేళ్ళు. ఇప్పుడా పిల్ల ఊరికి ఆ చివర షోళింగనల్లూరులో ఉద్యోగం చేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటోంది.

నిరుడు కార్తీక ఇష్టపడ్డ అబ్బాయి వేరే పెళ్ళికి ఒప్పుకున్నాడు. ఆమె సెలవు పెట్టి ఇంటికొచ్చి తిండి మానేసి పడుకుంది. మూడోరోజు పొన్నమ్మ పక్కన కూర్చుని, ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసే పాల్‌రాజ్ రోజూ పొద్దున కొట్టుకొచ్చి నాలుగిడ్లీలు తిని పోతాడు. పద్నాలుగేళ్ళ కిందట అతను ఆమెను పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. పిల్ల ఏమనుకుంటుందోనని ఆమె వద్దంది. తర్వాత అతను విజి అనే ఆమెను చేసుకున్నాడు. మళ్ళీ ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"నాకూ మనసుండె. అయినా బతకలా? నువ్వూ బతుకుతావు. లేచి అన్నం తిను" అంది పొన్నమ్మ.

కార్తీక లేచి తిన్నది.

ఈ ఏడాది ఒక తమిళ చానెల్లో ఆదివారాలు వచ్చే చర్చకు కార్తీకను పిలిచారు. భర్త పోయిన తల్లికి బిడ్డలు మళ్ళీ పెళ్ళి చేయొచ్చా కూడదా అన్నది విషయం. ఒకవైపు చేయాలనేవాళ్ళు, ఎదురుగా కూడదనేవాళ్ళు.

"నువ్వూ రా మా. ఊరికే వెనక వరసలో కూర్చుంటే చాలు" అంది కార్తీక.

పొన్నమ్మ కొట్టు మూసి, పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. కూతురు మైకు పట్టుకుని తడుముకోకుండా మాట్లాడుతుంటే, పక్కనున్నామెతో "నా బిడ్డే" అని చెప్పుకుంది. అంతలో కార్తీక అంది: "మా అమ్మనే ఒకాయన అడిగాడు. నాకోసం వద్దనేసింది. ఆయన రైల్వేలో పని. ఇప్పటికీ రోజూ మా కొట్లో ఇడ్లీ తిని పోతాడు."

అందరూ చప్పట్లు కొట్టారు. యాంకర్ మెట్లెక్కి వచ్చి పొన్నమ్మ ముందు మైకు పెట్టాడు. "ఆయన్ని చూస్తే ఇప్పుడేమనిపిస్తుందమ్మా?"

ఆమెకు సిగ్గుతో, కోపంతో కళ్ళ నీళ్ళొచ్చాయి. కెమెరా వాటి దగ్గరే ఆగింది.

బయటికొచ్చాక పొన్నమ్మ, "ఆ ముక్క తీసెయ్యమని వాళ్ళకి చెప్పు" అంది.

"పేరు చెప్పలేదు గదా మా. నీ గొప్పదనమే గదా చెప్పినా."

"ఇప్పుడే ఫోన్ చెయ్యి. నా ముందరే."

కార్తీక చేసింది. అవతలి అమ్మాయి గొంతు పొన్నమ్మకూ వినిపించింది. "అదెలా తీస్తామండీ? మీరు రాసి పంపిన ఆ కథ చూసే గదా మిమ్మల్ని తీసుకున్నాం. అమ్మగారిని తప్పకుండా తీసుకురమ్మన్నదీ అందుకే."

కార్తీక తలొంచుకుంది. బస్సులో తల్లీకూతుళ్ళు వేర్వేరు సీట్లలో కూర్చున్నారు.

ఆదివారం ఆ చర్చ టీవీలో వచ్చింది. పొన్నమ్మ కన్నీళ్ళ కింద ప్రేమకథలకు వేసే సంగీతం వేశారు. సోమవారం పాల్‌రాజ్ కొట్టుకు రాలేదు. వచ్చినవాళ్ళు మాత్రం, ఇడ్లీ తినే ప్రతి రైల్వే మనిషినీ అనుమానంగా చూసి నవ్వుకున్నారు. గురువారానికి పేరు కూడా తేలిపోయింది.

ఆరోజు పొన్నమ్మ పాల్‌రాజ్ ఇంటికి వెళ్ళింది. విజి గడపలోనే నిలబడింది.

"పిల్లల్ని నీ కొట్టుకే పంపిస్తా ఉంటి గదక్కా" అంది.

వెనకనుంచి పాల్‌రాజ్ వచ్చాడు. "విజికి కూడా నేను చెప్పలా. ఆ మాట నీ దగ్గరే ఉండిపోతుందనుకున్నా" అన్నాడు.

తప్పంతా కూతురిదని చెప్పడానికే ఆమె అంత దూరం నడిచి వచ్చింది. ఆ మాట రాలేదు. ముందు నోరు జారింది తనే గదా. "వస్తా" అని వెనుదిరిగింది.

పాల్‌రాజ్ ఇప్పుడు స్టేషను అవతలి వైపు తింటాడు. కార్తీకను ఆ చానెల్ వాళ్ళు ఇంకో చర్చకు పిలిచారట. ఆమె వారానికోసారి ఫోన్ చేస్తుంది. వాన సంగతి, నీళ్ళ లారీ సంగతి పొన్నమ్మ చెబుతుంది. పోయిన నెల మోకాలికి ఆపరేషన్ చేయాలన్నాడు డాక్టరు.

"డాక్టరేం చెప్పినాడు మా?" అని అడిగింది కార్తీక.

"ఏం లేదు. మాత్రలిచ్చినాడు" అంది పొన్నమ్మ. పప్పు నానేయాలని చెప్పి ఫోన్ పెట్టేసింది.