వదిన దించిన హెడ్‌లైటు

మొన్న మంగళవారం పొద్దున్నే మా వదిన పోయింది. ఆసుపత్రి నుంచి అన్నకూతురు ఫోన్ చేసి "బాబాయ్, అమ్మ..." అని ఆగిపోయింది. మిగతాది చెప్పనక్కర్లేకపోయింది. నాలుగు నెలలుగా జబ్బుతో ఉంది కాబట్టి ఎదురుచూడనిది కాదు. అయినా ఆ రోజంతా నాకు ఏ పనీ తోచలేదు. మధ్యాహ్నానికి ఇంటి ముందు చేరిన ఆడవాళ్ళలో సగంమంది ఆమె కుట్టిన జాకెట్లే వేసుకుని ఉన్నారు.

భిలాయిలోని కోహ్కాలో వదినకి చిన్న టైలరింగ్ షాపు ఉండేది. విజయనగరం వైపు నుంచి పెళ్ళయి భిలాయి వచ్చినప్పుడు ఆమెకు హిందీలో నాలుగు ముక్కలు కూడా రావు. కొలతలు తీసుకుంటూ తీసుకుంటూ నేర్చుకుంది. మెడలో టేపు లేకుండా ఆమెను చూసిన రోజులు నాకు తక్కువ. జాకెట్టు మెడ ఇంకాస్త పైకుంటే బాగుంటుందని ఎవరికైనా నేను సలహా ఇవ్వబోతే నవ్వేది. "తొడుక్కునేది నువ్వా, ఆవిడా?" అనేది.

ఎనిమిదేళ్ళ కిందట మా అన్న పోయాడు. స్టీలు ప్లాంటు ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న అతని మోటార్‌సైకిల్ వాకిట్లో మిగిలింది. అమ్మేద్దామన్నాను.

"ఎందుకేటి బాబూ అమ్మడం? నేర్చుకుంటాను," అంది వదిన. అప్పటికి ఆమెకు నలభై ఆరేళ్ళు. కిక్ కొట్టడమే పెద్ద పని. మొదటి వారం రెండుసార్లు పడింది, మోచెయ్యి గీరుకుపోయింది. తన కోసం తనే వదులు ప్యాంట్లు రెండు కుట్టుకుని, సెక్టర్ 2 క్వార్టర్ల మధ్య ఖాళీ రోడ్ల మీద పదిహేను రోజుల్లో నేర్చేసింది. గేట్ల దగ్గర నిలబడి చూసినవాళ్ళను ఆమె పట్టించుకోలేదు. నేను మాత్రం సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఆ సిగ్గును తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కుట్టిన బట్టలు సాయంత్రాలే ఇళ్ళకు ఇచ్చి రావాలి. అప్పుడే మనుషులు ఇళ్ళలో ఉంటారు. కానీ ఆ పాత బండి హెడ్‌లైటు ఇంజను వేగాన్ని బట్టి వెలిగేది. మలుపులో బండి నెమ్మదిస్తే లైటూ నీరసపడేది. ఒక గుంతలో పడి బయటపడ్డ రోజున నేనే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి, బ్యాటరీ నుంచి వైరు లాగించి, తెల్లగా భగ్గుమనే ఎల్ఈడీ బల్బు పెట్టించాను. వదిన పుట్టినరోజు కానుక అది. "ఈ పాత గిన్నెకి ఈ బల్బు పడదు భయ్యా, వెలుగంతా చెదిరిపోతుంది," అని, బల్బు వెనకుండే మెరుపు గిన్నెను చూపిస్తూ మెకానిక్ గొణిగాడు. నేను వినలేదు. రోడ్డంతా పట్టపగలులా కనిపిస్తుంటే వదిన చిన్నపిల్లలా సంబరపడింది.

నెల తిరక్కుండానే, చలికాలం ఒక సాయంత్రం, షిఫ్టు దిగి సైకిల్ మీద ఎదురొస్తున్న ఒక కాంట్రాక్టు కార్మికుడికి వదిన బండి వెలుతురు కళ్ళలో పడి దారి కనబడలేదు. కాలవలో పడ్డాడు. మణికట్టు విరిగింది. అతని చేతిని జాకెట్టు లైనింగ్ గుడ్డతో మెడకు వేలాడగట్టి, ఆటోలో ఎక్కించి, వదినే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేను వెళ్ళేసరికి బెంచీ మీద అతని పక్కనే కూర్చుని ఉంది.

నేను ఆమెను పక్కకు పిలిచాను. "నువ్వు గుద్దలేదు కదా వదినా. అతనే పడ్డాడు. ఏమీ ఒప్పుకోకు."

"ఒప్పేసుకున్నాను బాబూ. లైటు నాదే, తప్పు నాదేనని చెప్పేశాను."

"బల్బు పెట్టించింది నేను కదా!"

"నడిపింది నేను. ఎదురొచ్చినోళ్ళు మొహాలు తిప్పుకోవడం రోజూ చూస్తానే ఉన్నాను. నాకు బాగా కనబడుతోంది కదా అని ఊరుకున్నాను."

బల్బు నేను పెట్టించిన సంగతి ఆమె ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. నాతోనూ, ఇంకెవరితోనూ. ఇన్నేళ్ళూ అందరూ ఆ తప్పు ఆమెదే అనుకున్నారు. ఇవాళ నేను ఇది రాయడానికి ఒక కారణం అదే.

ప్రతి ఆదివారం వదిన ఆ కార్మికుణ్ణి చూడ్డానికి వెళ్ళేది. మొదటిసారి అతని భార్య లోపలికి రమ్మనలేదట. గుమ్మంలోనే నిలబడి ఎలా ఉందో అడిగి వచ్చేసింది. మూడో వారం ఆవిడే పీట వేసింది. ఈలోగా బండిని ముట్టుకోలేదు, బట్టలు నడిచే వెళ్ళి ఇచ్చింది. మెకానిక్ దగ్గర గంటలు కూర్చుని ప్రతిదీ అడిగి తెలుసుకుంది. చివరికి ఆ గుండ్రటి పాత డొప్ప అలాగే ఉంచి, లోపల కొత్త గిన్నె, వెలుగును కిందికి మళ్ళించే గీతల అద్దం, మామూలు పసుపు బల్బు పెట్టించింది.

అంతటితో వదల్లేదు. ఒక సాయంత్రం నన్నూ మెకానిక్‌నీ షాపు వెనక గోడ దగ్గరికి పిలిచింది. బండిని గోడకు ఇరవై అయిదు అడుగుల దూరంలో నిలబెట్టి, నేల నుంచి హెడ్‌లైటు ఎత్తెంతో టేపుతో కొలిచి, గోడ మీద అదే ఎత్తున దర్జీ సుద్దతో అడ్డగీత గీసింది. తను బండెక్కి, నన్ను వెనక కూర్చోమంది.

"నేనెందుకు వదినా?"

"నా వెనక బట్టల మూట ఉంటాది కదా. బరువుకి వెనక దిగితే లైటు పైకి లేస్తాది. కూకో."

మెకానిక్ మర తిప్పుతూ వెలుతురు అంచును గీత కిందికి దించాడు. గోడ మీద సరిపోయింది. అప్పుడు వదిన సందు చివరికి చూసి చెయ్యూపింది. కట్టు కట్టిన చేత్తో ఆ సైకిల్ మనిషి అక్కడ నిలబడి ఉన్నాడు. అతన్ని ఆమే బతిమాలి తీసుకొచ్చింది. బండిని అతని వైపు తిప్పించి లైటు వేసింది.

"అబ్, భయ్యా?" అని అరిచింది, ఇప్పుడెలా ఉందని.

"థోడా ఔర్ నీచే, దీదీ."

ఇంకాస్త కిందికట. మెకానిక్ మళ్ళీ మర తిప్పాడు. అతను కళ్ళు చిట్లించకుండా తిన్నగా మా వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "అబ్ ఆప్ దిఖ్ రహీ హో." ఇప్పుడు మీరు కనబడుతున్నారు అని.

ముందు కూర్చున్న వదిన భుజాలు కదిలాయి. ఏడుస్తోందని తెలిసింది. మెకానిక్ తల వంచుకుని పనిముట్లు సర్దుకున్నాడు.

ఆమె ధైర్యాన్ని మెచ్చుకునేవాళ్ళు బండి నేర్చుకోవడం గురించి చెబుతారు. నాకు మాత్రం ఆ మనిషిని పిలిచి ఎదురుగా నిలబెట్టడమే గుర్తొస్తుంది. నేనైతే దాక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆఫీసులో నా సంతకంతో వెళ్ళే ప్రతి పనికీ అవతల ఎవరున్నారో ఒకసారి చూస్తున్నాను. అది ఆమె నేర్పిందే, నేర్పుతున్నానని అనుకోకుండా.

చివరిసారి ఆసుపత్రిలో చేరడానికి ముందురోజు, "ఒక్కసారి బండి మీద తిప్పు బాబూ," అని అడిగింది. ఈసారి నేను ముందు, ఆమె వెనక. చిక్కిపోయిన చెయ్యి నా భుజం మీద బరువే లేదు. చీకటి పడుతోంది. కోహ్కా రోడ్డు మీద ఒకావిడ నిద్రపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఎదురుగా వస్తోంది. నెమ్మదించాను. మా వెలుతురు ఆమె పాదాల ముందు పరుచుకుంది, మట్టెల దాకా వచ్చి ఆగింది. ఆవిడ మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయింది. వదిన వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. ఆవిడ భుజం మీద పిల్లాడు నిద్రలోంచి కదలలేదు.