అబూ హలీఫా తీరాన మూడు సైకిళ్లు

ఈ అరబ్బు దేశపు చలికాలంలో, సెలవు రోజైన శుక్రవారం పొద్దున్నే దుప్పటి వదలాలంటే నాకు ఒళ్లు మంట. అయినా లేవక తప్పేది కాదు. ఎగైలాలో ఒక ఇంటి డ్రైవరుగా పనిచేసే మా కడప మిత్రుడు, అబూ హలీఫాలోని మా ఇంటికి సైకిలు మీద వచ్చి బెల్లు కొట్టేవాడు. నలభై ఏళ్ల వయసులో మా ఆవిడ సైకిలు నేర్చుకున్నదంటే అతని పుణ్యమే. వారాల తరబడి సీటు పట్టుకుని వెనకాలే పరుగెత్తాడు. నాకైతే రెండో రోజుకే ఓపిక పోయింది.

ఆమె పడకుండా మా ఇద్దరి సైకిళ్లతో పాటు సముద్రం దాకా తొక్కిన రోజు, అతను గబగబా ముందే దిగి ఆమె హ్యాండిల్ పట్టుకున్నాడు. కారు తలుపు తీసే అలవాటు మరి. అరబ్బు ఇళ్లలో అమ్మగారిని "మామా" అనే పిలుస్తారు; తన యజమానురాలితో అన్నట్టే, "యల్లా మామా, వచ్చేసినాం" అనేసి నాలుక కరుచుకున్నాడు.

నేను పగలబడి నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు.

"ఇయ్యాల నీకు సెలవు తమ్ముడూ, కూర్చో" అని ఫ్లాస్కులోంచి మొదటి టీ అతనికే పోసింది.

"ముందు బావకియ్యక్కా" అన్నాడు మొహమాటంగా.

"ఏం, ఆయనేమైనా నా వెనకాల పరుగెత్తారా?"

ఆ చలికాలమంతా రెండో టీ నాదే. సంతోషంగా తాగాను.