బాబా స్వెట్టర్‌లో నేనాడిన ఫుట్‌బాల్

కువైట్‌ను ఏడు నెలలు పట్టుకుని కూర్చున్న ఇరాక్ సైన్యం చేయలేని పని నేను ఒక్క మాటతో చేశాను. కువైట్‌లోని రుమైథియా పేటలో ముప్పై ఏళ్లుగా చెక్కుచెదరని ఒక కాపురానికి నిప్పు పెట్టాను. మీరు నవ్వితే నాకేమీ బాధ లేదు. అప్పుడు నవ్వే పరిస్థితి లేదు, అంతే.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. రాయచోటి నుంచి వెళ్లి ఆ ఇంట్లో వంట చేసేవాణ్ణి. ఇంటాయనను బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేవాళ్లం. బాబా కుర్రతనంలో అమెరికాలో ఏదో పాత యూనివర్సిటీలో చదివాడు. అన్నం వడ్డిస్తే చాలు, ఆ కథ మొదలు. రాతి భవనాలు, మంచు, పాటలు పాడే క్లబ్బులు, అన్నిటికీ మించి ఫుట్‌బాల్. మనం తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని, అడ్డొచ్చినవాణ్ణి కుమ్ముకుంటూ పరుగెత్తేది. ఆఖరి నిమిషంలో బాబా ముగ్గురిని పడదోసి గీత దాటాడట. నేను చేరిన కొత్తలో ముగ్గురే. రంజాన్ నాటికి ఐదుగురయ్యారు. ఆ ఘనతకు యూనివర్సిటీ ఇచ్చిన ఎర్ర ఉన్ని స్వెట్టర్, గుండెల మీద అరచేయంత ఇంగ్లీషు అక్షరంతో, బీరువాలో దేవుడి పటంలా ఉండేది.

తొంభై ఆగస్టులో ఇరాకీలు వచ్చారు. మనవాళ్లు బస్సులెక్కి పోతుంటే, బాబాను వదలలేక ఉండిపోయానని తర్వాత ఊళ్లో చెప్పుకున్నాను. అసలు సంగతి, బస్సంటే నాకు వాంతులు. అమెరికా వాసన ఉన్న ప్రతిదీ కాల్చేయమంది మామా. స్వెట్టర్‌ను మాత్రం దాచమని బాబా నా చెవిలో చెప్పాడు. దాచాను. డిసెంబరు చలి మొదలయ్యేసరికి నా ఒంటి మీదే దాచాను.

రొట్టెల కోసం బయల్దేరుతుంటే, అదే ఇంట్లో పనిచేసే మరియమ్మక్క అడ్డుపడింది. ఆమెది రాజోలు దగ్గర.

"తమ్ముడూ, అదేసుకుని ఎల్లకయ్యా. గుండెల మీద అమెరికా ముద్దరెట్టుకుని సైనికుల ముందుకెల్తావా?"

"తిరగేసి తొడుక్కున్యాలే అక్కా. ఎవురికి కనపడతాది?"

అందరికీ కనపడింది. లోపలి కుట్టు కూడా అదే అక్షరం ఆకారంలో ఉంటుందని నాకు తట్టలేదు. రొట్టెలు తీసుకుని తిరిగానో లేదో, ఒక సైనికుడు మెడ పట్టుకుని ఆఫీసరు ముందు నిలబెట్టాడు. ఆయన స్వెట్టర్ విప్పించి, తిరగేసి చూశాడు.

"ఎవరిది?"

బాబాది అంటే ఇంటి మీద పడతారు. ఆ రోజుల్లో అలా తీసుకుపోయిన మగవాళ్లు మళ్లీ కనబడేవాళ్లు కాదు. "నాదే సార్," అన్నాను.

"అమెరికాలో చదివావా?"

"చదివినా సార్." ఏడో తరగతి రెండుసార్లు తప్పినవాడి జవాబు అది.

"ఏం ఆడేవాడివి?"

"ఫుట్‌బాల్."

"ఎలా ఆడావో చెప్పు."

వింటే అర్థమయ్యేది గానీ, మాట్లాడబోతే నా అరబ్బీ ఉప్పు, నూనె, యల్లా అంటే పద, ఖలాస్ అంటే అయిపోయింది, వీటిని దాటి పోదు. అందుకని ఆడి చూపించాను. రొట్టెల మూట చంకలో పెట్టుకుని, తల వంచి, ఆంబోతులా నాలుగడుగులు పరుగెత్తాను. వెనక తుపాకీ సిద్ధమైన చప్పుడు వినిపించింది. నా గీత అక్కడే వచ్చేసిందని కూర్చుండిపోయాను.

ఆఫీసరు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఆయన నిజంగానే అమెరికాలో చదివాడట, నా ఖర్మ. అక్షరం కింద చీమల్లా కుట్టిన మూడు చిన్న అక్షరాలు చూపించాడు.

"ఇది ఆటగాళ్లకు ఇచ్చేది కాదురా. జట్టుకు నీళ్ల బకెట్లు మోసి, తువ్వాళ్లు ఉతికించే కుర్రాడికిచ్చేది. ఏ పాత బట్టల అంగట్లో కొన్నావు?"

"ఫహాహీల్ బజారులో సార్," అన్నాను, ప్రాణం లేచొచ్చి.

స్వెట్టర్ ఆయన ఉంచుకున్నాడు. నన్ను పొమ్మన్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊరు అప్పటికే చేజారిపోయింది. నా నోటికి ఇల్లొకటే మిగిలింది.

ఇంటికొచ్చి, వచ్చీరాని అరబ్బీకి చేతుల సైగలు కలిపి జరిగింది చెప్పాను. బాబా కుర్చీలో కూలబడ్డాడు. "నా స్వెట్టర్," అన్నాడు. పెళ్లాం కోసం కూడా అంత బెంగపడి ఉండడు. ఆయన్ను ఓదార్చాలనిపించింది. అదే నా తప్పు.

"దిగులుపడాకు బాబా. అది ఆటగాళ్లది కాదంట. నీళ్ల బకెట్లు మోసేటోళ్లకిచ్చేదంట. ఆ ఆఫీసరే చెప్పె."

మామా చేతిలోని టీ గ్లాసు నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. ఆటలో విరిగిందని బాబా చెప్పిన కుడి మోకాలికి ముప్పై ఏళ్లుగా రోజూ ఆమే నూనె రాస్తోంది.

"మోకాలు?" అంది.

బాబా నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"బకెట్ తొణికింది," అన్నాడు ఆయన. "నేల తడిగా ఉంది."

ఆమె లేచింది. లోపలికి వెళ్లి నూనె సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. కువైట్‌కు విముక్తి వచ్చేదాకా ఆ మోకాలు నాదే.

అందుకే సర్వజనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పరాయి మనిషి స్వెట్టర్ తొడగను. ఒకవేళ చలికి ఆగలేక తొడిగినా, దాని చరిత్రను ఆయన పెళ్లాం ఉన్న గదిలో విప్పను.